ఇంటి చిత్తరువు

మనుష్యుల ముఖములను వ్రాయించుకొనుట మనలో పాత వాడుక. తాము కాపురమున్న యింటిని వ్రాయించుకొనుట క్రొత్తది. కొన్ని సంవత్సరములుగా మేమీ పనిని చేయుచున్నాము. చిన్ననాట మండువా లోగిళ్లపై గలిగిన మమకారమే మాకు వృత్తియైనది. ఇల్లు పడగొట్టుటకు నెల దినములుండగా జనులు మావద్దకు వత్తురు. ఇల్లు నిలిచియున్నంతకాలము దాని రూప మెవ్వరికిని జ్ఞప్తికి రాదు కాబోలు!

గోదావరి, కృష్ణా మండలములలోని పాత లోగిలిని వీధినుండి చూచి వ్రాసినచో ఆ చిత్తరువు సగమే. వీధికి కానవచ్చునవి అరుగులు, చెక్కడపు స్తంభములు, ద్వారబంధము. ఆ యింటికి ప్రాణమైన మండువా లోపల నున్నది. నాలుగు వసారాల చూరులును దానిలోనికే వంగును. వానకాలమున నలుదిక్కుల నీరును అందే పడి తూముగుండ వెలికి పోవును. కావున మేము ఇంటిని పైనుండి చూచినట్లు వ్రాసి, ఒక ప్రక్క కప్పును తీసివేసి, లోపలి గదులను చూపుదుము. ముందుగా టేపుతో గోడలను, ద్వారములను కొలిచి గళ్ల కాగితముపై కొలతపటము గీయవలెను, పిమ్మట సిరాగీతలు, చివరకు నీటిరంగులు. పెంకుల విషయమున మిక్కిలి యోపిక కావలెను. గూనపెంకు ఒక తీరు, మంగుళూరు పెంకు వేరొక తీరు. బాసెల్ మిషనువారి పెంకుల కార్ఖానా మంగుళూరున 1865లో వెలసినది. ఆ పెంకు మన యూళ్లకు వచ్చినది అటుపిమ్మటనే. కనుక కప్పునుబట్టి యింటి వయస్సు కొంత చెప్పవచ్చును. అయితే పాత యింటికి క్రొత్త పెంకు వేయించినవారును గలరు! గూనపెంకుల వరుసలకే మాకు రెండు దినములు పట్టును. ఛాయాచిత్రము క్షణములో ముగియును గాని, కప్పు నెత్తి చూపజాలదు.

కప్పు తీసినచోటనే తగవు మొదలగును. చిత్తరువు వ్రాయించువారు తరచుగా ఆ యింటి కుమారులు. వారికి కావలసినవి వీధియరుగు, తాతగారి పడకకుర్చీ. పొగచూరిన వంటయిల్లు, పెరటి కొట్లు, బట్టలారవేసిన తీగ వలదందురు. ఆ యింటి ఆడువారు దినములో ముప్పాతిక భాగము గడపినది ఆ వలదన్న చోటనే గదా! హిందూ వారసత్వ చట్టమునకు 1986లో ఆంధ్రప్రదేశ్‌లోను, 2005లో దేశమంతటను జరిగిన సవరణలు ఉమ్మడి యాస్తిలో కుమార్తెకు భాగ మిచ్చినవి. పటములో మాత్ర మామెకు భాగము లేదు. రాజమహేంద్రవరమున వీరేశలింగము పంతులుగారి యిల్లు నేటికిని స్మారకముగా నిలిచియున్నది. చెక్కడపు పనిని చూచుటకై యచటి కెవ్వరును పోరు. 1881 డిసెంబరు 11వ తేదీన మొదటి వితంతు వివాహము జరిగిన యిల్లని పోవుదురు.

ఇటీవల మేము వ్రాసిన యొక యింట, బాల్యముననే భర్తను గోల్పోయి పుట్టింటికి వచ్చిన మేనత్తగారు కలరు. ఎనుబదియేండ్లు దాటినవారు. వంటయింటి వెనుకనున్న ఆమె గది ఆరడుగుల వెడల్పు, కిటికీ లేదు. స్తంభముల పగుళ్లను పూడ్చి వ్రాయుమనియు, ఆ గదిని విడిచిపెట్టుమనియు మేనల్లుళ్లు కోరిరి. "అది తరువాత కట్టిన కొట్టండీ," అనిరి. దాని గోడయు వంటయింటి గోడయు ఒక్కసారి కట్టినవేయని కొలతపటములో చూపితిమి. ఉన్న గదిని లేనట్లు వ్రాయలేమని చెప్పితిమి. ఈ పనిపై బ్రదుకువారికి ఇట్లు చెప్పుట సులభము కాదు. బయానా తిరిగి యిచ్చుటకు సిద్ధపడియే చెప్పితిమి. వారు రెండు దినము లాలోచించి సరేయనిరి.

చిత్తరువు ముగిసిన పిమ్మట మేనత్తగారు కళ్లజోడు సవరించుకొని చాలసేపు తన గదినే చూచిరి. "అన్నీ ఉన్నవి ఉన్నట్టే వేశావమ్మా. నాకొక చిన్నది వేరే వేసిపెట్టు. అందులో నా గదికి కిటికీ పెట్టు," అనిరి.

పగుళ్లు పూడ్చుట కొప్పుకొనని మేము దీనికేమనవలెను? పెద్దపటమున ఆ గోడ గోడగానే యున్నది. చిన్నదానికి మేమెదురాడలేదు. కిటికీ నూతివైపునకా, తూర్పునకా యని అడిగితిమి.

"జామచెట్టు కనపడేటట్టు పెట్టు," అనిరి.