పాలు లేని జాము బిస్కత్తు: బెంగుళూరు పేటలలో ఒక ఆదివారం

బెంగుళూరు చూడవచ్చిన బంధువులను లాల్‌బాగుకూ విధానసౌధకూ తీసుకొనిపోవడం ఈ ఊళ్ళో తరతరాలుగా ఉన్న మన తెలుగు కుటుంబాల కందరికీ అలవాటే. బిస్కత్తును సాకుగా పెట్టుకొని ఊరు చూపించేవారు మాత్రం కనబడరు. కాని ఈ ఊరికీ బిస్కత్తుకూ ఉన్న చుట్టరికం తక్కువది కాదు. మొన్న ఒక ఆదివారంనాడు ఆ చుట్టరికం వెంటనే మేమొక నడక నడిచినాము. సరదా కొంత ఉన్నది, అవసరం అంతకంటె ఎక్కువ ఉన్నది. ఆ సంగతి ముందుకు వస్తుంది.

ఇంగ్లీషువారు 1809లో ఇక్కడ దండు స్థాపించినారు. దండుతోపాటు రొట్టె వచ్చినది, కేకు వచ్చినది, బిస్కత్తు వచ్చినది. ఫ్రేజరు టౌనులోని ఆల్బర్టు బేకరి 1902 నాటిది. అయితే దండు వేరు, పేట వేరు. కెంపేగౌడ 1537లో కట్టించినదని చెప్పే ఈ పేటలో (ఆయన పేర తెలుగులో ఒక యక్షగానం కూడా ఉన్నదని మన పెద్దలు గర్వంగా చెప్పుకుంటారు) ఆచారవంతులు కోడిగ్రుడ్డు కలిసిన వస్తువును గడప దాటనిచ్చేవారు కారు. 1898లో హాసన జిల్లావారైన హెచ్.ఎస్. తిరుమలాచారి అనే అయ్యంగారు చిక్కపేటలో అంగడి పెట్టినారు. మొదట మిఠాయిలే అమ్మేవారట. అంగడికి వచ్చిపోయే ఒక ఇంగ్లీషు దొర రొట్టె కాల్చడం నేర్పినాడని చెబుతారు. నేర్చుకున్న అయ్యంగారు విద్యను ఉంచుకొని గ్రుడ్డును వదిలివేసినారు. అదే సంవత్సరం ఊళ్ళో ప్లేగు ప్రబలినది. జనం చెల్లాచెదరైనారు. ఆ తరువాతనే బసవనగుడి, మల్లేశ్వరం వంటి కొత్త పేటలు పెరిగినవి. కొత్త పేటలతోపాటు అయ్యంగార్ల బేకరీలూ పెరిగినవి. 1953లో విశ్వేశ్వరపురంలో వి.బి. బేకరి వెలసినది. నేడు ఏ మూలకు పోయినా "అయ్యంగారు బేకరి" అనే పలక కనబడుతుంది. లోపల ఉన్నవారందరూ అయ్యంగార్లేనా అంటే, ఆ ప్రశ్న వేయకుండుటే మర్యాద.

ఆ పలకకు అర్థం ఒక్కటే: గ్రుడ్డు లేదు. మా అమ్మగారి తరంవారు కూడా "మొట్టె ఇల్ల తానే?" అని ఒక్క మాట అడిగి, ధైర్యంగా పొట్లం కట్టించుకొనేవారు. నూరేళ్ళకు పైగా ఈ ఊరు అడిగిన ప్రశ్న అదే. "హాలు ఇదెయా?" అని, పాలున్నవా అని, అడిగినవారు లేరు. పాలు పవిత్రం గదా, ఎవరడుగుతారు?

మేము అడగవలసి వచ్చినది. మా చిన్నపిల్లకు ఎనిమిదేండ్లు. దానికి పాలు పడవు. పడవంటే కడుపుబ్బరం కాదు. పాలలోని మాంసకృత్తు దాని ఒంటికి శత్రువు. ఒక పాలపేడా తింటే పది నిమిషాలలో ఒళ్ళంతా దద్దుర్లు, పెదవులు వాపు, ఆపైన ఊపిరి ఆడక ఆయాసం. నేతిలో కూడా ఆ మాంసకృత్తు జాడలుంటాయి గనుక నెయ్యి కూడా వద్దన్నారు డాక్టరుగారు. ఇటువంటి పిల్లలలో చాలామందికి వయసు పెరిగేకొద్దీ ఇది తగ్గిపోతుందట. మా పిల్లకు ఇంకా తగ్గలేదు.

గత సంవత్సరం ఊరి మరొక మూలనున్న ఒక అంగడిలో (పేరు అనవసరం) జాము బిస్కత్తులు అడిగినాము. పాలు, వెన్న ఉన్నవా అని విడమరచి అడిగితే "ఏమీ లేదు సార్, ప్యూర్ వెజ్" అన్నాడు అక్కడి కుర్రవాడు. ఇంటికి వచ్చి ఒకటి తిన్నదో లేదో పిల్ల మెడ ఎర్రబడినది. ఆ రాత్రి ఆసుపత్రి బల్లమీద గడిచినది. మరునాడు పోయి అడిగితే యజమాని తాపీగా "పాలపొడి వేస్తాము, పాలు పోయము" అన్నాడు! అబద్ధమాడినానని ఆయన అనుకోలేదు. పాలు శాకాహారమే అన్న మన దేశపు నమ్మకం ఆయనది కూడా. పొట్లాలమీద ఉండే పచ్చచుక్క కూడా ఆ లెక్క ప్రకారమే పడుతుంది; పాలు, నెయ్యి, తేనె ఉన్నా పచ్చచుక్కే. ఇవేవీ లేని ఆహారానికి వేరే గుర్తు, వేరే నిబంధనలు 2022లోనే వచ్చినవి. 2020 నిబంధనల ప్రకారం పొట్లంమీద పాలు, గోధుమ, వేరుసెనగ వంటివి ఉంటే విడిగా చెప్పాలి. అది ముద్ర వేసిన పొట్లాలకు. గాజు జాడీలోనుంచి తీసి కాగితంలో చుట్టి ఇచ్చేదానికి ముద్ర ఎక్కడిది?

కనుక ఇంట్లోనే చేయాలని తీర్మానమైనది. కావలసినవి తెచ్చుకోడానికే ఆ ఆదివారపు నడక. మేము, మా ఇంట్లోవారు, పిల్ల, మా అమ్మ. 2017లో నడపడం మొదలుపెట్టిన భూగర్భ మెట్రోలో చిక్కపేటలో దిగినాము. అక్కడినుంచి విశ్వేశ్వరపురానికి రెండు మైళ్ళు నిండదు.

చిక్కపేటలో ఆదివారమైనా భుజం భుజం రాసుకొనక తప్పదు. పట్టుచీరల అంగళ్ళ ముందు మా ఇంట్లోవారి నడక సహజంగానే నెమ్మదించినది. చుట్టూ ఉన్న సందులలో పాత్రల అంగళ్ళు ఉన్నవి. అక్కడ అంచు తక్కువగా ఉన్న రెండు అల్యూమినియం తట్టలు కొన్నాము. ఇంట్లో పాత తట్టలుండగా కొత్తవెందుకు అని అమ్మ గొణిగినది. పాలు తగిలిన పాత్ర పిల్లకు పనికిరాదని చెప్పగానే "అయితే ఇది దాని మడి అన్నమాట" అన్నది. డాక్టరు అరగంట చెప్పినది అమ్మ ఒక్క మాటలో తేల్చివేసినది. ఆనాటినుంచి మా ఇంట్లో ఆ తట్టలను ఎవరూ ముట్టరు.

అవెన్యూ రోడ్డు గుండా దిగితే కృష్ణరాజేంద్ర మార్కెట్టు. 1928 నాటి కట్టడం. ముందు పూలవాసన, వెనుక కుళ్ళిన ఆకుల వాసన. రెండూ కలిసినదే ఆ మార్కెట్టు. ఇక్కడ కన్నడంలో మొదలైన బేరం తెలుగులో సాగి, తమిళంలో చిల్లర అందుకొని ముగిసినా ఎవరికీ వింత కాదు. జామపండ్లు రెండు కిలోలు తీసుకున్నాము. లోపల ఎర్రగా ఉన్నవి ఏరించినాము. జామతో జాము! మాటలు వేరైనా జోడు కుదిరినది. వేడుకకోసమే కాదు, జామలో పెక్టిను అనే జిగట పదార్థం సమృద్ధిగా ఉంటుంది. అందువల్ల రంగులు, పొడులు కలపకుండానే గట్టిగా పేరుకుంటుంది. బిస్కత్తు నడుమ పెట్టడానికి పలుచని జాము పనికిరాదు, పొంగి తట్టమీదికి కారి మాడుతుంది.

అక్కడే గానుగ కొబ్బరినూనె కొన్నాము. వెన్న చోట ఏమి వేయాలన్నదే ఈ వంటలో అసలు చిక్కు. మామూలు పొద్దుతిరుగుడు నూనె వేస్తే బిస్కత్తు గుల్లగా విరగదు, జిడ్డుగా నములుడు పడుతుంది. చల్లబడితే గడ్డకట్టే కొవ్వు కావాలి. వనస్పతి గడ్డకడుతుంది, నిజమే. ఆ పాత వనస్పతిలో ఉండిన చెడుకొవ్వు గుండెకు హాని అని తేలి, 2022 జనవరినుంచి నూటికి రెండు పాళ్ళకు మించరాదని ప్రభుత్వమే కట్టడి చేసినది. కొబ్బరినూనె 24 డిగ్రీలకు దిగువన తనంతట తానే పేరుకుంటుంది. బెంగుళూరి చలికాలంలో సీసాలో గడ్డయి, స్నానానికి ముందు ఎండలో పెట్టుకోవలసి రావడం మనకు తెలిసినదే గదా. వంటింట్లో ఆ చలే మనకు సాయం. యానాంలో, బరంపురంలో ఉన్న సోదరీమణులు నూనెను ఒక అరగంట ఫ్రిజ్జులో ఉంచి, వెన్నవలె మెత్తగా ఉన్నప్పుడు వాడవలె.

సాయంత్రానికి విశ్వేశ్వరపురం చేరినాము. సజ్జనరావు సర్కిలు దగ్గరి తిండివీధి అప్పుడే మేల్కొంటున్నది. పెనాలమీద దోసెలు, వేడి ఒబ్బట్లు, నెయ్యి చుయ్యిమని కరిగే చప్పుడు. పిల్ల మా చేయి పట్టుకొని మౌనంగా నడిచినది. వీధి వీధంతా నెయ్యి వాసన వేస్తుంటే దానికి ఏమి కొనిపెట్టగలము? చివరకు ఒక బేకరిలో బల్లదగ్గర కూర్చున్న ముసలాయనను అడిగినాము. ఆయన జాడీలవైపు ఒక్కొక్కటే వేలు చూపుతూ "ఇది బెణ్ణె, వద్దు. ఈ ఖారా బిస్కత్తులోనూ బెణ్ణె ఉంది, వద్దు. తేనె కేకులో పాలున్నాయి. పాపకు ఈ కడలెకాయి ఇవ్వండమ్మా" అని కాంగ్రెసు కడలెకాయి పొట్లం అందించినాడు. వేయించి రెండు బద్దలు చేసి, కారం, ఇంగువ, కరివేపాకు పట్టించిన వేరుసెనగలు అవి. 1969లో కాంగ్రెసు రెండుగా చీలినప్పుడు ఆ పేరు వచ్చినదని ఈ ఊరివారి మాట. పిల్ల రెండు పొట్లాలు ఖాళీచేసినది.

మేము ఇంట్లో చేయబోతున్నామని తెలిసి ఆ పెద్దాయన ఒక సలహా చెప్పినాడు. "చపాతీ పిండిలాగ పిసకవద్దు. ముద్ద కట్టగానే చేయి తీసెయ్యండి. ఎంత పిసికితే అంత రాయి" అన్నాడు. పిసికితే గోధుమలోని జిగురు సాగుతుంది, బిస్కత్తు బిగుసుకుంటుంది. అంత విలువైన మాట ఆ రోజు ఊరంతా తిరిగినా మరొకటి దొరకలేదు.

ఇక వంట. కిలో జామపండ్లు ముక్కలు కోసి, మునిగేటన్ని నీళ్ళతో మెత్తగా ఉడికించి, జల్లెడలో రుద్ది గింజలు తీసివేయవలె. ఇది ఓపిక పని, మా అమ్మ పట్టుపట్టి తానే చేసినది. ఆ గుజ్జుకు 700 గ్రాముల చక్కెర, ఒక నిమ్మపండు రసం కలిపి అడుగంటకుండా కలియబెడుతూ ఉడికించినాము. పుస్తకాలలో 105 డిగ్రీల వేడికి జాము సిద్ధమని వ్రాస్తారు. అది సముద్రపు ఒడ్డున ఉన్నవారికి. మన ఊరు సుమారు 3000 అడుగుల ఎత్తున ఉన్నది, ఇక్కడ నీళ్ళే 97 డిగ్రీలకు మరుగుతాయి, కనుక 102 దగ్గరే దించవలె. వేడిని కొలిచే గొట్టం లేనివారు చల్లని పళ్ళెంమీద ఒక చుక్క వేసి వేలితో నెట్టి చూస్తే చాలు, ముడుతలు పడితే అయినట్టే.

పిండికి మైదా 200 గ్రాములు, బియ్యపుపిండి 30, పొడిచేసిన చక్కెర 80, మెత్తని కొబ్బరినూనె 100 గ్రాములు, చిటికెడు ఉప్పు, పావుచెంచా బేకింగ్ పౌడరు, కొద్దిగా యాలకుల పొడి. బియ్యపుపిండి కరకరకోసం. నూనె, చక్కెర ముందు నురగగా కలిపి, పిండ్లు చేర్చి, కొబ్బరిపాలు రెండు మూడు పెద్దచెంచాలు చిలకరించి ముద్ద చేయవలె. ఉండలు ఇరవైనాలుగు దాకా వస్తాయి. వాటిని అరగంట చల్లగా ఉంచకపోతే పొయ్యిలో కరిగి అప్పచ్చులై పరచుకుంటాయి. గ్రుడ్డు లేని లోటు బిస్కత్తులో అసలు తెలియదు. కేకుకైతే పొంగడానికి ఏదో ఒకటి వెదకాలి, దీనికి ఆ బెంగ లేదు.

ఉండ నడుమ గుంట చేయడం మాకు వంకరగా వచ్చినది. అమ్మ చూసి నవ్వి, చలిమిడి దీపాలకు ప్రమిద చేసినట్లు బొటనవ్రేలు దింపి చుట్టూ ఒక తిప్పు తిప్పినది. అంచు చీలలేదు. పిల్ల "అవ్వా, నాకు నేర్పు" అని పక్కన చేరినది. ఆ పూట ఇరవైనాలుగు ప్రమిదలూ వారిద్దరివే. గుంటలో సగానికి మించి జాము పెట్టరాదు. కాలిన తరువాత వేడిమీదనే మరికొంత నింపవచ్చు.

మాది చిన్న కరెంటు పొయ్యి. 170 డిగ్రీలలో పదహారు నిమిషాలు పట్టినది. పొయ్యి లేనివారు మందపాటి గిన్నెలో అంగుళం ఎత్తున ఇసుక పోసి, ముక్కాలిపీట పెట్టి, పది నిమిషాలు వేడెక్కించి, తట్ట దించి మూతవేసి సన్నసెగపై ఇరవైఐదు నిమిషాలు ఉంచినా చక్కగా కాలుతాయి. ఒక్కటి గుర్తుంచుకోవలె. పాలు, వెన్న లేవు గనుక ఇవి బేకరి బిస్కత్తువలె ఎర్రబడవు. రంగుకోసం ఆగితే పళ్ళకు పరీక్షే. అంచు లేత పసుపు తిరిగితే తీసివేయవలె. అప్పుడు మెత్తగా ఉంటాయి, ఆరితే కరకరలాడుతాయి.

మొదటి బిస్కత్తు పిల్ల చేతికి ఇచ్చి మేము గడియారం చూస్తూ కూర్చున్నాము. పది నిమిషాలు, పావుగంట, అరగంట. అది రెండవది అడిగినది. మా ఇంట్లోవారు లేచి లోపలికి పోయి ముఖం కడుక్కొని వచ్చినారు.

బేకరి వస్తువు డెబ్బయి యేళ్ళుగా నోట పెట్టని మా అమ్మ కూడా ఒకటి తిన్నది. గింజ తగలలేదని మెచ్చుకొన్నది, తన పనినే మెచ్చుకొన్నట్టు. గాలి చొరని డబ్బాలో వారం రోజులు బాగున్నవి. ఆ తరువాత జాము చెమ్మకు మెత్తబడుతాయి. వచ్చే నెల పిల్ల పుట్టినరోజుకు తరగతికంతా పంచాలని ఇప్పుడే లెక్క మొదలైనది. నలభై ఇద్దరు పిల్లలు, అంటే రెండు విడతలు కాల్చాలి. సగం రాగిపిండి వేసి చూడమని అమ్మ అంటున్నది. రాగికి జిగురు తక్కువ గనుక విరిగిపోతుందేమోనని మా ఇంట్లోవారి అనుమానం. ఈ ఆదివారం చిన్న వాయి ఒకటి వేసి చూడవలె.