రువాండా అంకె వెనక

మహిళా రిజర్వేషన్ గురించి ఎక్కడ సభ జరిగినా రువాండా పేరు రాకుండా ఉండదు. పార్లమెంటులో స్త్రీలు అందరికంటే ఎక్కువగా ఉన్న దేశమేది అని వక్త అడుగుతుంది. ఎవరో స్వీడన్ అంటారు, ఇంకెవరో నార్వే అంటారు. కాదు, ఆఫ్రికా నడుమ పాత అనంతపురం జిల్లాకి ఒకటిన్నర రెట్లు కూడా లేని ఒక చిన్న దేశం అనగానే హాల్లో చప్పట్లు. ఆ అంకెను నేనూ చాలా సభల్లో చెప్పాను, ఇప్పటికీ చెప్తాను. మన మగ నాయకుల మొహాన కొట్టడానికి అంతకంటే పనికొచ్చే అంకె మరొకటి లేదు. 80 మంది సభ్యుల దిగువ సభలో 2003లో 39 మంది స్త్రీలు. 2008లో 45 మంది. ప్రపంచంలో స్త్రీలు సగం దాటిన మొదటి సభ అదే. 2013లో 51, 2018లో 49, 2024లో మళ్ళీ 51. అంటే దాదాపు 64 శాతం. అదే 2024లో మన లోక్‌సభకి 543 మందిలో గెలిచిన స్త్రీలు 74 మంది.

అయితే ఒకసారి క్లాసులో ఈ అంకెలు బోర్డు మీద రాస్తుంటే వెనక బెంచీ నుంచి ఒక అమ్మాయి అడిగింది: "మేడమ్, ఆ ఆడవాళ్ళు ప్రెసిడెంటుని కాదనగలరా?" దానికి ఒక్క మాటలో జవాబు చెప్పలేం. ఈ వ్యాసం ఆ పిల్ల కోసమే రాస్తున్నాను.

ముందు ఆ 51 మంది ఎలా వస్తారో చూడాలి. 2003 రాజ్యాంగం నిర్ణయాలు తీసుకునే సంస్థలన్నిటిలో స్త్రీలకు కనీసం 30 శాతం అంది. దిగువ సభలో 24 స్థానాలు స్త్రీలకే కేటాయించారు. వాటికి మామూలు ఓటర్లు ఓటు వేయరు. స్థానిక సభల సభ్యులు, మహిళా మండళ్ళ ప్రతినిధులు కలిసి ఎన్నుకుంటారు. 53 స్థానాలు పార్టీ జాబితాల ద్వారా ప్రజలు ఎన్నుకునేవి. యువతకి రెండు, వికలాంగులకి ఒకటి. 2024లో ఆ 53లో 37 పాలక పార్టీ రువాండా పేట్రియాటిక్ ఫ్రంట్ కూటమివే. జాబితాలో ఎవరి పేరు పైన ఉండాలో నిర్ణయించేది పార్టీ. మనలాగా ఒక నియోజకవర్గం, అక్కడి జనం, వాళ్ళు నిలదీస్తారన్న భయం అక్కడ ఉండవు. కోటా ఉండటం ఒక సంగతి. ఆ కోటాలోంచి వచ్చిన మనిషి ఎవరికి జవాబు చెప్పుకోవాలి అన్నది ఇంకో సంగతి. సభల్లో మనం మొదటిది చెప్పి కూర్చుంటాం.

ఈ సభ 1994 మారణకాండ తరవాత పుట్టింది. సుమారు వంద రోజుల్లో దాదాపు ఎనిమిది లక్షల మందిని చంపారు. చనిపోయినవాళ్ళలో అత్యధికులు టుట్సీలు, వాళ్ళని చంపడానికి ఒప్పుకోని హుటూలు కూడా ఉన్నారు. అత్యాచారానికి గురైన స్త్రీలు రెండున్నర లక్షల నుంచి అయిదు లక్షల దాకా ఉంటారని 1996లో ఐక్యరాజ్యసమితి ప్రత్యేక ప్రతినిధి అంచనా వేశాడు. ఆ సంవత్సరం గురించి చదివినప్పుడల్లా నా మనసులో ఇద్దరు స్త్రీలు పక్కపక్కన నిలబడతారు.

ఒకరు అగాథే ఉవిలింగియిమానా. కెమిస్ట్రీ టీచరు. విద్యామంత్రిగా ఉన్నప్పుడు బడుల్లో సీట్లకు జాతి కోటాను తీసేసి మార్కుల ప్రకారం ఇమ్మంది. 1993లో దేశానికి మొదటి మహిళా ప్రధాని అయింది. ఆమె హుటూనే. 1994 ఏప్రిల్ 7న, మొదటి రోజే, సైనికులు ఆమెను, భర్తను చంపేశారు. ఆమెకు కాపలాగా వచ్చిన పదిమంది బెల్జియం శాంతి సైనికుల్ని కూడా చంపారు.

రెండో ఆమె పౌలీన్ న్యిరామసుహుకో. ఆమెదీ అగాథేలాగే దక్షిణాన బుటారే ప్రాంతం. అగాథే మంత్రివర్గంలోనే స్త్రీ, కుటుంబ సంక్షేమ శాఖ మంత్రి. ఆ రోజుల్లో బుటారేలో ప్రభుత్వ కార్యాలయం దగ్గర తలదాచుకున్న టుట్సీలను చంపించినందుకు, స్త్రీల మీద అత్యాచారాలు చేయించినందుకు 2011లో అరూషాలోని అంతర్జాతీయ న్యాయస్థానం ఆమెకు, ఆమె కొడుకుకి యావజ్జీవం వేసింది. అప్పీలులో 2015లో అది 47 ఏళ్ళయింది. అంతర్జాతీయ కోర్టు మారణకాండ నేరం కింద శిక్షించిన మొదటి స్త్రీ ఆమె. స్త్రీ సంక్షేమ మంత్రి! ఆ హోదా చదివినప్పుడు కాసేపు పుస్తకం మూసి కూర్చోవలసి వచ్చింది. ఆడవాళ్ళు అధికారంలోకి వస్తే యుద్ధాలుండవు, రాజకీయాల్లోకి తల్లి మనసు వస్తుంది లాంటి మాటలు మన సభల్లో ఇంకా వినపడుతూనే ఉంటాయి. అలా మాట్లాడేవాళ్ళు పౌలీన్‌ని ఎక్కడ పెడతారో నాకు తెలీదు. స్త్రీలు మంచివాళ్ళు కాబట్టి కాదు, మనుషులు కాబట్టి వాళ్ళకి సీట్లు కావాలి. ఈ వాదన కాస్త పొడిగా ఉంటుంది, చప్పట్లు కూడా తక్కువే పడతాయి.

అలాగని ఆ కుర్చీలో ఎవరు కూర్చున్నా ఒకటేనా? కాదనడానికి సాక్ష్యం అరూషా కోర్టులోనే ఉంది. టబా అనే ఊరి మేయరు అకాయెసు మీద పెట్టిన కేసులో మొదట అత్యాచారం ఆరోపణే లేదు. 1997 జనవరిలో ఒక సాక్షి మరేదో చెప్తూ తన ఆరేళ్ళ కూతురి మీద ముగ్గురు మగవాళ్ళు చేసిన అఘాయిత్యం గురించి చెప్పింది. బెంచి మీద ఉన్న జడ్జీల్లో ఒక్కరే స్త్రీ, నవనీతం పిళ్ళై. దక్షిణాఫ్రికాలో డర్బన్‌లో పుట్టిన తమిళ మూలాలున్న బస్సు డ్రైవరు కూతురు. జడ్జీలు ఆ మాటను జారిపోనివ్వలేదు, ప్రశ్నలు వేశారు. బయట స్త్రీల సంఘాలు ఒత్తిడి తెచ్చాయి. ఆ ఏడు జూన్‌లో అభియోగపత్రం మార్చారు. 1998 సెప్టెంబరు 2న వచ్చిన తీర్పు అత్యాచారం కూడా మారణకాండలో భాగమేనని మొదటిసారి చెప్పింది. ఇక్కడ మూడు కలిశాయి: చెప్పడానికి సిద్ధపడిన స్త్రీ, బెంచి మీద స్త్రీ, బయట కదిలిన స్త్రీలు. వీటిలో ఏ ఒక్కటి లేకపోయినా ఆ తీర్పు వచ్చేదా అని నాకు అనుమానం.

దేశం లోపల కూడా మొదటి ఏళ్ళలో జరిగింది ఇలాంటిదే. మగవాళ్ళు కొందరు చచ్చిపోయారు, కొందరు దేశం దాటిపోయారు, లక్షా ఇరవై వేలకి పైగా జైళ్ళలో ఉన్నారు. పొలం దున్నాల్సింది ఆడవాళ్ళు. కానీ ఆచారం ప్రకారం కూతురికి తండ్రి భూమి రాదు, భర్త పోతే అత్తింటి భూమి మీదా హక్కు లేదు. విధవల సంఘాలు, స్త్రీల సంఘాల కూటములు ఏళ్ళ తరబడి పోరాడితే 1999లో వారసత్వ చట్టం వచ్చింది, కొడుకులతో సమానంగా కూతుళ్ళకూ వాటా ఇచ్చింది. ఆ చట్టం చేసిన తాత్కాలిక సభలో స్త్రీలు సగానికి చాలా తక్కువే.

2006లో మహిళా సభ్యుల వేదిక గృహహింస, లైంగిక హింస మీద బిల్లు పెట్టింది. జుడిత్ కనకుజె లాంటివాళ్ళు ఊళ్ళు తిరిగి జనంతో మాట్లాడి, మగ సభ్యుల్ని కలుపుకుని దాన్ని నడిపారు. 2008లో అది చట్టమైంది, భార్య మీద భర్త చేసే అత్యాచారాన్ని కూడా నేరమంది. మన చట్టం ఇంకా అంతవరకూ రాలేదు. ఇదంతా స్త్రీలు సభలో సగం దాటక ముందు నడిచిన పని.

ఆ తరవాత 2009 వచ్చింది. 45 మంది స్త్రీలున్న, స్త్రీ స్పీకరుగా ఉన్న ఆ సభే కొత్త కార్మిక చట్టం చేసింది. అందులో పూర్తి జీతంతో ఉన్న 12 వారాల ప్రసూతి సెలవును 6 వారాలకు తగ్గించింది. మిగతా 6 వారాలు కావాలంటే 20 శాతం జీతంతో తీసుకోవాలి. పెట్టుబడులు రావాలన్నది ప్రభుత్వ విధానం, యజమానుల మీద భారం తగ్గాలన్నది వాదన. 2016లో ప్రసూతి బీమా చట్టం వచ్చేదాకా బాలింతలు దాన్ని భరించారు. పొలాల్లో పనిచేసే స్త్రీలకి మొదట్నించీ ఏ సెలవూ లేదనుకోండి, అది వేరే. స్త్రీలు సగానికి చాలా తక్కువగా ఉన్నప్పుడు భూమి హక్కు వచ్చింది, సగం దాటాక ప్రసూతి సెలవు పోయింది. లెక్క తిరగబడినట్టు కనపడుతుంది కానీ కారణం కనపడుతూనే ఉంది. మొదటి చట్టం వెనక వీధిలో స్త్రీల సంఘాలున్నాయి. రెండో దాని నాటికి ఆ సంఘాల నాయకులు చాలామంది సభలోకి, ప్రభుత్వంలోకి వెళ్ళిపోయారు. బయట ఉండి అడిగేవాళ్ళు తగ్గారు.

ఎందుకు తగ్గారు? ఇక్కడే ఆ పిల్ల ప్రశ్నకి వస్తాం. పాల్ కగామే అధ్యక్ష ఎన్నికల్లో 2003లో 95 శాతం, 2010లో 93 శాతం, 2017లో 98 దాటి, 2024లో 99 దాటి గెలిచారు. 2015లో రాజ్యాంగం మార్చి 2034 దాకా ఉండటానికి దారి వేసుకున్నారు. 2010లో పోటీ చేద్దామని విక్టోయిర్ ఇంగబిరే నెదర్లాండ్స్ నుంచి తిరిగొస్తే అరెస్టు చేశారు. 8 ఏళ్ళు వేసిన శిక్ష పైకోర్టులో 15 అయింది. 2018లో క్షమాభిక్ష పెట్టారు, 2024లో పోటీకి ఒప్పుకోలేదు, 2025 జూన్‌లో మళ్ళీ అరెస్టు చేశారు. 2017లో డయాన్ రిగారా అనే యువతి అధ్యక్ష పదవికి పోటీ చేస్తానని ప్రకటించిన కొద్ది రోజులకే ఆమెవంటూ నగ్న చిత్రాలు బయటికొచ్చాయి. కల్పించినవని ఆమె చెప్పింది. సంతకాలు ఫోర్జరీ అని నామినేషన్ తిరస్కరించారు, తల్లితో సహా జైల్లో పెట్టారు, 2018 డిసెంబరులో కోర్టు నిర్దోషులంది. 2024లో మళ్ళీ తిరస్కరించారు. ఈ ఇద్దరూ స్త్రీలే. మనం చెప్పే 64 శాతంలో వీళ్ళు ఎక్కడా లేరు.

సరిగ్గా ఇక్కడే మన మగ మేధావులు అందుకుంటారు: "చూశారా, అంతా బొమ్మలే." ఆ మాట దగ్గర నాకు ఒళ్ళు మండుతుంది. మా చిన్నత్త 1995లో రిజర్వుడు సీట్లో సర్పంచి అయింది. ఊళ్ళో ప్రెసిడెంటు గారూ అని పిలిచింది మామయ్యని. ఫైళ్ళు ఆయనే చదివేవాడు, ఈవిడ సంతకం పెట్టేది. మూడో ఏడు మాలపల్లికి రావలసిన బోరు పెద్దవీధిలో వేయించబోతే అత్త ఆ ఒక్క కాగితం మీద సంతకం పెట్టలేదు. ఇంట్లో వారం రోజులు పొయ్యి సరిగా వెలగలేదు. బోరు మాలపల్లిలోనే పడింది. బొమ్మలంటే సంతకం ఆపగలవా? మగ సభ్యులు 95 శాతం అధ్యక్షుడికి తల ఊపినప్పుడు వాళ్ళని ఎవరూ బొమ్మలనరు, పార్టీ క్రమశిక్షణ అంటారు.

ఆ ప్రభుత్వం చేసిన పని లేదని కూడా అనలేం. 2000లో లక్ష కాన్పులకి 1,071 మంది తల్లులు చనిపోయేవాళ్ళు, 2015 నాటికి అది 210కి తగ్గింది. బతికిన ఆ తల్లులకి ఎన్నికల శాతాలతో నిమిత్తం లేదు. 2009 నుంచి 2013 దాకా దేశంలోని భూమినంతా కొలిచి కోటికి పైగా కమతాలకు పట్టాలు రాశారు, భార్యాభర్తల ఇద్దరి పేర్లూ ఎక్కించారు. అయితే భార్య అంటే రిజిస్టరు పెళ్ళి చేసుకున్న ఒక్క భార్యే. పెళ్ళి నమోదు కానివాళ్ళు, రెండో భార్యలుగా ఉన్నవాళ్ళు అదే పొలంలో అదే బొబ్బర్లు పీకుతున్నా పట్టాలో లేరు. ఆ సంగతి సభలో గట్టిగా అడగాల్సింది వాళ్ళకి ఓటుతో జవాబు చెప్పుకునే మనిషి. 24 స్థానాల్లో అలాంటి మనిషి రావడానికి దారి లేదు.

మన చట్టం 1996లో మొదటిసారి సభకొచ్చి, 2010లో రాజ్యసభ దాటి, 2023లో 106వ సవరణగా నెగ్గింది. జనగణన, నియోజకవర్గాల పునర్విభజన అయ్యాకే అమలు అని అందులోనే మెలిక పెట్టారు. మనకు నియోజకవర్గాలున్నాయి, ఓడించే ఓటర్లున్నారు, నోరున్న సంఘాలు ఇంకా కొన్ని ఉన్నాయి. రువాండా స్త్రీలకి లేనివి ఇవే. టిక్కెట్టు ఇచ్చేది మాత్రం ఇక్కడా పార్టీ అధినేతే, ఆ అధినేత ఇంటి ఆడపడుచులకే మొదటి వరస.

క్లాసులో ఆ అమ్మాయికి ఇదంతా చెప్పేసరికి బెల్లు కొట్టారు. బోర్డు మీద 51 తుడవబోతే ఆగమని, దాని పక్కన ఇంగబిరే, రిగారా అని రాసుకుంది నోట్సులో. స్పెల్లింగ్ అడిగింది, చెప్పాను.