శిబికథ చాలదు

దయను పాఠముగా చెప్పవచ్చునా? ఇరువది యేండ్లుగా పిల్లలకు చదువు చెప్పుచున్న మేము చెప్పవచ్చుననియే నమ్మియుంటిమి. పావురమును కాచుటకై తన మేనిమాంసమును కోసియిచ్చిన శిబిచక్రవర్తి కథ మాకు కంఠస్థము. అది వినిన పిల్లలకు దయ కలుగకుండునా యని మా ధీమా.

ఆ ధీమా మొన్నటి యేడు సడలినది. హైదరాబాదులోని యొక ప్రాథమిక పాఠశాలలో మేము బోధించు నాలుగవ తరగతిలో రోహింగ్యా బాలుడొకడు చేరెను. బర్మాలోని అరకాను సీమలో 2012లోను, 2017లోను జరిగిన ఘోరములకు ఇండ్లు విడిచి పారిపోయినవారిలో కొందరు ఈ నగరమున బాలాపూరు ప్రాంతమున గుడిసెలు వేసికొని తలదాచుకొన్నారు. తక్కిన పిల్లలు వాని మాటతీరును వెక్కిరించిరి. వాని ప్రక్కను కూర్చుండ నొల్లకపోయిరి.

మేము శిబికథ చెప్పితిమి. అంతటితో నూరకుండక ఆ బాలుని లేపి, "నాయనా, మీవారు ఇల్లు విడిచి యెట్లు వచ్చిరో చెప్పుము" అంటిమి. వాడు నేలచూపులు చూచుచు నిలిచెను. నోట మాట రాలేదు. వెనుకనుండి యొకడు "అయ్యో పాపం!" అనెను. కొందరు నవ్విరి. మరునాడు వాడు బడికి రాలేదు, మూడవనాడును రాలేదు.

ఆ ఖాళీచోటు మాకు పాఠము చెప్పెను. ఆ కథలో పిల్లలందరిని శిబులను చేసి, వానిని మాత్రము పావురమును చేసితిమి. ఇచ్చువాని గొప్పతనము నేర్పితిమే కాని, వాడును తమవంటివాడే యని నేర్పమైతిమి.

వాని గుడిసెకు పోయి, తండ్రియెదుట మా తప్పు ఒప్పుకొని, వానిని మరల బడికి తెచ్చుకొంటిమి. ఈసారి యెవ్వరిని నిలువబెట్టలేదు. "మీ యింట నెవరు, ఎప్పుడు, ఎందుకు ఊరు విడిచి వచ్చిరో పెద్దలనడిగి రండు" అని అందరికిని చెప్పితిమి.

ఒకని తాత కరవుకు పాలమూరు విడిచెనట. ఒకరి యూరు శ్రీశైలము జలాశయమున మునిగెనట. శ్రీకాకుళమునుండి వచ్చిన కుటుంబపు బాలిక లేచి, తన ముత్తాత యెనిమిదేండ్లవాడై యుండగా రంగూనునుండి నడిచి వచ్చెనని చెప్పెను. పొట్టకూటికై సముద్రము దాటిన మనవారిని అచ్చట, కోరంగి రేవు పేరునుబట్టి, కోరంగీలని పిలిచెడివారు. 1941 డిసెంబరులో జపానువారు రంగూనుపై బాంబులు వేయగా, 1942లో లక్షలకొలది భారతీయులు కొండలు, అడవులు దాటి నడిచిరి. కలరాకును ఆకలికిని దారిలోనే రాలిపోయినవారు పెక్కండ్రు. వారు నడిచిన దారులలో నొకటి అరకాను మీదుగా పోయినది.

పటమును గోడకు తగిలించి ఆ దారి చూపితిమి. అప్పుడు పిలువకయే ఆ బాలుడు లేచి వచ్చి, పటముమీద వ్రేలుంచి, "మా ఊరూ ఈడనే, సార్" అనెను. ఆ బాలిక వాని ముఖమువంక చూచి, "మా ముత్తాత నీ ఊరు చూసుంటాడా?" అని యడిగెను.

వెక్కిరింతలన్నియు నానాటితో అణగెనని చెప్పజాలము. కాని ఆ బాలిక బల్లపై వానికి చోటు దొరకినది.

చదువరులారా, ఈ పాఠము బడికంటె ముందు మీ యింట ఆరంభము కావలెను. "వీరెందుకు వచ్చినారు?" అని మీరు విసుగుకొనునపుడు పిల్లలు వినుచుందురు. మన తాతలెందుకు వచ్చిరో కూడ వారికి ఒకసారి చెప్పుడు.