ఇంటర్వెల్ తర్వాత రీళ్ళు ఏవండీ?

ఒక కథ చెబుతాను. ఈ కథ పట్టుకుని మీరు ఏ నిర్మాత ఆఫీసు మెట్లెక్కినా, "లాజిక్కు లేదు బాబూ" అని కాఫీ కూడా ఇవ్వకుండా పంపించేస్తాడు.

1971 మే 24. ఢిల్లీలో పార్లమెంట్ స్ట్రీట్ స్టేట్ బ్యాంకు. చీఫ్ క్యాషియర్ మల్హోత్రా గారి టేబులు మీద ఫోను మోగింది. మొదట ప్రధానమంత్రి కార్యదర్శినంటూ ఒకాయన, ఆ తర్వాత సాక్షాత్తూ ఇందిరాగాంధీ గొంతు! బంగ్లాదేశ్‌కి సంబంధించిన రహస్యమైన పని, అర్జంటుగా 60 లక్షలు కావాలి, ఫలానా చోట మనిషి వచ్చి తీసుకుంటాడు... ఇదీ తర్వాత మల్హోత్రా చెప్పిన మాట. గుర్తు కోసం సంకేతాలు కూడా ఉన్నాయండోయ్. ఒకరు 'బంగ్లాదేశ్ కా బాబూ' అనాలి, రెండోవారు 'బార్ ఎట్ లా' అనాలి. మన క్లబ్బు సీన్లలో విలన్ అనుచరులు కూడా ఇంతకన్నా బాగా చెప్పలేరు.

చెక్కు లేదు, సంతకం లేదు. క్యాషియరు గారు స్ట్రాంగ్‌రూములోంచి నోట్లు తీయించి, ట్రంకులో పెట్టించి, బ్యాంకు కారు తనే నడుపుకుంటూ వెళ్ళి ఆ ఆసామి చేతిలో పెట్టారు. తర్వాత రసీదు కోసం ప్రధాని దగ్గరికి బయల్దేరారు. అక్కడేమో మేమెవరం ఫోను చెయ్యలేదు, ముందు పోలీసుల దగ్గరికి వెళ్ళమన్నారు.

దొంగ ఆ రాత్రికే దొరికాడు. రుస్తుం సొహ్రాబ్ నగర్వాలా, మాజీ సైనిక కెప్టెన్. డబ్బు కూడా దాదాపు మొత్తం దొరికింది. ఇందిరమ్మ గొంతు నేనే అనుకరించానన్నాడు. మూడు రోజుల్లో నాలుగేళ్ళ శిక్ష పడిపోయింది. పొలం గట్టు తగాదా తాత నుంచి మనవడి దాకా నడిచే దేశంలో, మూడంటే మూడు రోజుల్లో!

నేరెళ్ళ వేణుమాధవ్ గారి మిమిక్రీ విన్నవాళ్ళం కాబట్టి, ఒకరి గొంతు ఇంకొకరు పలికించడం మన తెలుగువాళ్ళకి వింతేమీ కాదు. నగర్వాలా పలికించాడా లేదా అన్నది అలా ఉంచండి. నాకు నిద్ర పట్టనివ్వనిది ఆ క్యాషియరు. పై నుంచి ఫోనొస్తే, కాగితం ముక్క లేకుండా 60 లక్షలు రోడ్డు మీద ఇచ్చిరావడం ఆయనకి విడ్డూరంగా తోచలేదు, చూశారా! మీరూ నేనూ వంద రూపాయలు తీసుకోవాలంటే ఫారంలో సంతకం కాస్త వంకర పోయినా తిప్పి పంపే కౌంటరు అది. చెల్లని నోటుకి ఎవడూ దొంగనోటు అచ్చేయడు. అలాంటి ఫోన్లు ఆ రోజుల్లో చెల్లుతాయన్న నమ్మకం ఆ గొంతుకి ఎక్కణ్ణించి వచ్చిందంటారు?

సరే, ఇంటర్వెల్ అయింది. సోడాలు తాగి లోపలికొచ్చాం. తెర మీద ఏముంది? కేసు దర్యాప్తు చేసిన పోలీసు అధికారి కశ్యప్ 1971 నవంబరులో రోడ్డు ప్రమాదంలో పోయారు. 1972 మార్చిలో నగర్వాలా, ఖైదీగా ఉండగానే, గుండెజబ్బుతో పోయాడు. మల్హోత్రా ఉద్యోగం పోయింది. 1977లో జనతా ప్రభుత్వం వచ్చి విచారణ సంఘం వేసింది. దానికి పెద్ద ఎవరనుకున్నారు? మన హైదరాబాదు వారు, జస్టిస్ పి. జగన్మోహన్ రెడ్డి గారు. ఆయన ఎంత తవ్వినా, ఇదీ జరిగింది అని తేల్చడానికి సాక్ష్యం చాల్లేదు. ఆ డబ్బు ఎవరిదన్న ప్రశ్న అలాగే మిగిలింది.

1993కి వద్దాం. హర్షద్ మెహతా బొంబాయిలో విలేఖరుల్ని కూర్చోబెట్టి, ప్రధాని పి.వి.నరసింహారావు గారికి కోటి రూపాయలిచ్చానన్నాడు. పి.వి. కాదన్నారు. రుజువు దొరకలేదు. మరి జనం ఏం మాట్లాడుకున్నారు? కోటి రూపాయలు సూటుకేసులో పడతాయా పడవా అని! షేర్ల కుంభకోణంలో బ్యాంకుల డబ్బు ఎలా కరిగిందో అడిగే ఓపిక లేదుగానీ, సూటుకేసు కొలతలు మాత్రం ప్రతి కాఫీ హోటల్లోనూ తీశాం. 2001 డిసెంబరు 31న మెహతా కూడా కస్టడీలోనే పోయాడు. 2020లో వచ్చిన 'స్కామ్ 1992' సిరీస్ చూసి మీలో కొందరు అతనికి విజిళ్ళు వేసే ఉంటారు. వెయ్యండి, బాగా తీశారు.

రీళ్ళు పోవడం అంటే ఉపమానం అనుకునేరు. అమృత్ నహాటా అనే పార్లమెంటు సభ్యుడు 'కిస్సా కుర్సీ కా' అని సినిమా తీశాడు. అందులో 'జనత' ఒక మూగ స్త్రీ. 1975లో ఆ సినిమాకి 51 అభ్యంతరాలు చెప్పారు. ఎమర్జెన్సీలో ప్రింట్లు, నెగెటివ్‌తో సహా మాయమయ్యాయి. గుర్‌గావ్‌లోని మారుతి ఫ్యాక్టరీలో తగలబెట్టారని కేసు. 1979లో సంజయ్ గాంధీకి, మాజీ సమాచార శాఖ మంత్రి వి.సి.శుక్లాకి రెండేళ్ళ శిక్ష పడింది. 1980లో సుప్రీంకోర్టు దాన్ని కొట్టేసింది. ఎవరూ దోషులు కారు, సినిమా మాత్రం లేదు.

నహాటా మొండివాడు. ఎమర్జెన్సీ పోయాక అదే సినిమా మళ్ళీ తీశాడు. మూగ జనతగా షబానా ఆజ్మీ వేసింది. వీలైతే చూడండి. మొదటిది మాత్రం అడక్కండి, బూడిదకి రెండో ఆట లేదు.