మూడవ రోజు ఉదయం: ఆటిజమ్ ఉన్న పిల్లలు, ఈస్టర్ పండుగ



ఏటా ఏప్రిల్ 2వ తేదీని ప్రపంచ ఆటిజమ్ అవగాహన దినంగా పాటిస్తారు. ఐక్యరాజ్యసమితి 2007 డిసెంబరులో చేసిన తీర్మానం మేరకు 2008 నుండి ఇది జరుగుతోంది. ఈస్టర్ పండుగ కూడా ఇంచుమించు ఆ రోజులలోనే వస్తుంది. ఈ రెండింటినీ కలిపి వ్రాయవలసిన అవసరం నాకు ఒక బాలుని వలన కలిగింది. ఆ కుటుంబం అనుమతితో, పేర్లు చెప్పకుండా వ్రాస్తున్నాను.

నేను ప్రభుత్వ ఆసుపత్రులలో పనిచేసిన కాలంలో చాలా ఏళ్లు నాతో కలిసి పనిచేసిన స్టాఫ్ నర్సు ఒకరు పదవీ విరమణ తరువాత మా చంద్రగిరిలోనే స్థిరపడ్డారు. రాత్రి డ్యూటీలో ఆవిడ ఉన్నారంటే నాకు నిశ్చింత. వారిది క్రైస్తవ కుటుంబం, మాది హిందూ కుటుంబం. క్రిస్మస్‌కు వారింటి కేకు మా ఇంటికి, సంక్రాంతికి మా అరిసెలు వారింటికి వెళ్లడం ముప్పై ఏళ్ల అలవాటు. నేను ఇప్పటికీ ఆవిడను సిస్టర్ అనే పిలుస్తాను.

సిస్టర్ మనవడికి మూడవ ఏట ఆటిజమ్ ఉన్నట్లు నిర్ధారణ అయింది. చిన్న చిన్న వాక్యాలు మాట్లాడగలడు. గోడకు వేలాడే దినసరి క్యాలెండరులో ఉదయాన్నే కాగితం చించడం వాడి పని. మరెవరైనా చించితే ఆ రోజంతా ఇల్లు అతలాకుతలమే. సాయంత్రం తాత చేయి పట్టుకొని కోట వైపు నడిచి రావడం రెండవ నియమం. 2024 జనవరిలో ఆ తాతగారు గుండెపోటుతో మరణించారు. అప్పటికి బాబుకు తొమ్మిదేళ్లు.

అప్పటి నుండి బాబు నిద్ర మానివేశాడు. పక్క మీద పడుకోబెడితే లేచి కూర్చునేవాడు. రెప్ప వాలబోతే తానే చెంపల మీద కొట్టుకొనేవాడు. సిస్టర్ వచ్చి అడిగితే నేను నాకు తెలిసినవన్నీ చెప్పాను: పడుకునే ముందు ఫోను చూపవద్దు, పగటి నిద్ర వద్దు, గోరువెచ్చని నీటితో స్నానం చేయించండి, రోజూ ఒకే వేళకు పడుకోబెట్టండి, తగ్గకపోతే పిల్లల వైద్యునికి చూపండి. అన్నీ సరైన సలహాలే. ఒక్కటీ పనిచేయలేదు. నేను అడగవలసిన ప్రశ్న ఒకటి ఉండగా దానిని అడగలేదు.

ఆ ఏడు ఈస్టర్ మార్చి 31న వచ్చింది. తెలియని వారి కోసం కొంచెం చెబుతాను. నలభై రోజుల శ్రమకాలం చివరి వారంలో మట్టల ఆదివారం, శుభ శుక్రవారం వస్తాయి. ఆ శుక్రవారం మధ్యాహ్నం పన్నెండు నుండి మూడు గంటల వరకు సిలువపై యేసు పలికిన ఏడు మాటలను ధ్యానిస్తారు. శనివారం నాడు కుటుంబాల వారు తమ పెద్దల సమాధులను శుభ్రం చేసి, సున్నం కొట్టి, పూలు పెడతారు. ఆదివారం తెల్లవారకముందే సమాధుల తోటకు వెళ్లి కొవ్వొత్తులు వెలిగించి, పాటలు పాడి, పునరుత్థాన పండుగను ఆరంభిస్తారు.

ఆ ఉదయం బాబు తాత సమాధి దగ్గరకు పరుగెత్తాడట. పూలన్నీ పక్కకు తోసి, రాతి పలకను అరచేతితో తట్టుతూ, "తాతా, లెయ్. ఆదివారం వచ్చేసింది, లెయ్" అన్నాడట. ఎంతసేపటికీ జవాబు లేదు. ఇంతలో మైకులో పాట మొదలైంది. బాబు చెవులు మూసుకొని కేకలు పెట్టి, తన చేతినే కొరుక్కున్నాడు. చుట్టూ ఉన్న వారిలో ఒకరు పెంపకాన్ని తప్పుపట్టారు. మరొకరు దయ్యం పట్టిందని, ప్రార్థన చేయించమని చెప్పారు. ఆ కుటుంబం కొవ్వొత్తి వెలిగించకుండానే ఇంటికి వచ్చేసింది.

వారం తరువాత ఆ సంగతి చెబుతూ సిస్టర్ అన్నారు: "వచ్చే ఏటి నుండి నేను పోను సార్. మా ఆయన దగ్గర నిలబడి ఒక్క పాట పాడుకునే భాగ్యం కూడా లేకపోయింది."

అప్పుడు అడిగాను: "తాత గురించి బాబుకు ఏమని చెప్పారు?"

"ప్రభువునందు నిద్రించారని చెప్పాము సార్. రాతి మీద చెక్కించింది కూడా ఆ మాటే కదా."

ఆ మాట విన్న తరువాత కొంతసేపు నేను ఏమీ మాట్లాడలేకపోయాను.

బాబు వైపు నుండి ఆలోచించండి. తాత నిద్రించారు. నిద్రించిన తాతను పెట్టెలో పెట్టి, మట్టి కప్పి వచ్చారు. ఇది చూసిన పిల్లవాడు రాత్రి ఎలా కన్ను మూస్తాడు? ఇక శుక్రవారం నాడు యేసు చనిపోయాడని, మూడవ రోజున లేచాడని ఆదివారపు బడిలో చెప్పారు. మన భాషలో మృతులలో నుండి లేవడానికీ, పొద్దున్నే పక్క మీద నుండి లేవడానికీ ఒకటే మాట. బాబు క్యాలెండరు కాగితాలు లెక్కపెట్టుకున్నాడు: శుక్రవారం, శనివారం, ఆదివారం. లెక్క సరిగానే ఉంది. మనం పెద్దలం వాడుకగా పలికే మాటలను వాడు అక్షరాలా నమ్మాడు.

ఆటిజమ్ అనేది మెదడు ఎదుగుదలలో పుట్టుకతోనే ఉండే తేడా. 1943లో లియో కానర్ అనే వైద్యుడు పదకొండు మంది పిల్లలను పరిశీలించి దీనిని వర్ణించాడు. తల్లి ప్రేమ చాలనందువల్ల వస్తుందని కొంతకాలం ప్రచారం జరిగింది. అది అసత్యమని తేలింది. టీకాల వలన వస్తుందన్న 1998 నాటి వ్యాసాన్ని ప్రచురించిన లాన్సెట్ పత్రికే 2010లో ఉపసంహరించుకుంది. 2021లో ప్రపంచంలో 127 మందిలో ఒకరికి ఆటిజమ్ ఉన్నదని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. ఇది ఉన్న వారందరూ ఒకే తీరుగా ఉండరు. కానీ చాలామంది మాటను మాటగానే తీసుకుంటారు, నుడికారంలోని చాటు అర్థం వారికి సులభంగా అందదు. ముందుగా తెలియని మార్పు భయపెడుతుంది. మనకు మామూలుగా తోచే శబ్దం, వెలుగు, స్పర్శ వారికి భరించరానివి కావచ్చు.

మేము మొదట మాటను సరిదిద్దాము. "తాత చనిపోయారు. తాత శరీరం పనిచేయడం ఆగిపోయింది. తాతకు నొప్పి లేదు, ఆకలి లేదు. అది నిద్ర కాదు. నేను నిద్రపోతే పొద్దున మేలుకుంటాను." ఈ వాక్యాలను రోజూ ఒకే విధంగా, ఒకే గొంతుతో చెప్పమన్నాను. వినడానికి కఠినంగా ఉన్నాయని బాబు తల్లి కన్నీళ్లు పెట్టుకుంది. నిద్ర ఒక్కరోజులో తిరిగి రాలేదు. వర్షాలు మొదలయ్యే నాటికి చెంపలు కొట్టుకోవడం ఆగింది. దసరా సెలవుల నాటికి రాత్రిలో ఎక్కువ భాగం నిద్రపోతున్నాడు.

తరువాత పండుగ సంగతి. 1990ల ఆరంభంలో అమెరికాలో కారల్ గ్రే అనే ఉపాధ్యాయిని ఇటువంటి పిల్లల కోసం "సోషల్ స్టోరీ" అనే పద్ధతిని రూపొందించారు. రాబోయే సందర్భంలో ఏమి జరుగుతుందో, ఎవరు ఏమి చేస్తారో, ఎందుకు చేస్తారో పిల్లవాని పలుకులోనే చిన్న వాక్యాలుగా వ్రాసి ముందే చదివించడం దాని సారం. అందులో ఆజ్ఞల కంటే వివరణలు ఎక్కువగా ఉండాలి. విదేశీ పుస్తకాలలో ఈస్టర్ అంటే రంగు గుడ్లు వెదకే ఆట కథలే దొరుకుతాయి. మా బాబుకు కావలసింది సమాధుల తోట కథ. దానిని మేమే వ్రాసుకున్నాము.

అయితే ఒక వాక్యం దగ్గర నా కలం ఆగింది. పునరుత్థానం వారి విశ్వాసం. దానిపై వైద్యునిగా నేను వ్రాయకూడదు. వారి పాస్టరుగారి దగ్గరకు వెళ్లి అడిగాను. ఆయన కాసేపు ఆలోచించి, "మృతులు లేస్తారన్నది మా నిరీక్షణ సార్. ఆ దినం దేవునికే తెలుసు. ఈ ఆదివారమే లేస్తారని మేము ఎవరికీ చెప్పడం లేదు. ఆ సంగతి బాబుకు తేటగా చెప్పండి, అందులో అబద్ధం లేదు" అన్నారు. ఆ వాక్యం అలాగే వ్రాశాము: "ఈస్టర్ రోజున తాత లేవరు. తాతను తలచుకోవడానికి మనం కొవ్వొత్తి వెలిగిస్తాము."

ఎనిమిది పుటల చిన్న పుస్తకం తయారైంది. ప్రతి పుటలో ఒక ఫోటో, రెండు మూడు వాక్యాలు. మొదటి పుటలో "2025 ఏప్రిల్ 20 ఆదివారం ఈస్టర్" అని ఉంటుంది. క్రిస్మస్ వలె ఈ పండుగ ఒకే తేదీన రాదు. మార్చి 21న గాని, ఆ తరువాత గాని వచ్చే పౌర్ణమి దాటిన మొదటి ఆదివారం ఈస్టర్. తేదీలే ఊతకర్రగా బ్రతికే బాబుకు ఈ మార్పును రెండు నెలల ముందే క్యాలెండరులో గుర్తు పెట్టి చూపించాము. చివరి పుటలో వారింటి వీధి వాకిలి ఫోటో, "తరువాత ఇంటికి వస్తాము" అన్న వాక్యం.

పుస్తకంతో పాటు మరికొన్ని ఏర్పాట్లు. పగటిపూట ఎవరూ లేనప్పుడు నాలుగు సార్లు బాబును అక్కడికి తీసుకువెళ్లారు. కొత్త చొక్కాను రెండుసార్లు ఉతికి, మెడ దగ్గర గుచ్చుకునే లేబులు కత్తిరించారు. చెవులకు శబ్దాన్ని తగ్గించే హెడ్‌ఫోను కొన్నారు. కరచాలనాలు, కౌగిలింతలు వద్దని బంధువులకు ముందే చెప్పారు. "చాలు" అని వ్రాసిన అట్టముక్క ఒకటి జేబులో ఉంటుంది. అది చూపిన మరుక్షణం, ఎందుకని అడగకుండా, తండ్రి బయటకు తీసుకువెళ్లాలి. శుభ శుక్రవారపు మూడు గంటల ఆరాధనకు బాబును తీసుకువెళ్లలేదు. అన్నింటిలో పాల్గొనడం పండుగకు షరతు కాదు. చివరగా, వాడికంటూ ఒక పని అప్పగించారు: సమాధి మీద కొవ్వొత్తులను వరుసగా నిలబెట్టడం. వస్తువులను వరుసగా పేర్చడం వాడికి ఎంతో ఇష్టం. ఇంట్లో అందరూ విసుక్కునే ఆ అలవాటు అక్కడ పనికి వచ్చింది.

ఆ ఆదివారం సిస్టర్ పిలుపు మీద నేనూ వెళ్లాను. చీకటిలో టార్చిలైటు పట్టుకొని బాబు అందరికంటే ముందు నడిచాడు. సమాధి దగ్గర ఆగి, "తాత లేవరు కదా?" అన్నాడు. "లేవరు నాయనా" అన్నది అవ్వ. "సరే" అని పన్నెండు కొవ్వొత్తులను జానెడేసి దూరంలో నిలబెట్టాడు. గాలికి ఒకటి ఆరిపోతే తండ్రి చేయి లాగి మళ్లీ వెలిగింపజేశాడు. ఇరవై నిమిషాల తరువాత మైకు మోగగానే జేబులో నుండి అట్ట తీశాడు. తండ్రీకొడుకులు గేటు బయటకు వెళ్లి నిలబడ్డారు. అక్కడి నుండి వరసగా వెలుగుతున్న ఆ కొవ్వొత్తులు కనిపిస్తాయి. బాబు వాటిని చూస్తూ వేళ్లు ఆడించాడు. అది వాడి సంతోషపు గుర్తు. సిస్టర్ మాత్రం కదలలేదు, పాట చివరి చరణం వరకు నిలబడి పాడారు.

ఇది ఒక్క క్రైస్తవుల ఇంటి విషయం కాదు. మన ఇళ్లలోనూ చనిపోయిన వారిని "దేవుడి దగ్గరకు పోయినారు" అని, "ఊరికి పోయినారు" అని పిల్లలకు చెబుతాము. అలాంటి మాట విన్న పిల్లవాడు గుడికి పోనని మారాం చేస్తే, తండ్రి ఊరికి బయలుదేరితే గుక్కపట్టి ఏడిస్తే, ఆ మాట ఒకసారి గుర్తు చేసుకోండి. తిరుపతి గంగమ్మ జాతరలో బైరాగి వేషం, బండ వేషం, తోటి వేషం వేస్తారు. ఒంటికంతా రంగులు పూసుకొని వచ్చిన మనిషి తన మేనమామే అని ఇటువంటి పిల్లలకు తోచకపోవచ్చు. వేషం వేసేటప్పుడు మొదటి నుండి పక్కన కూర్చోబెట్టి చూపిస్తే, మొక్కు ఎందుకో చెబితే, ఆ భయం చాలావరకు తగ్గుతుంది.

ఏడాది దాటినా పేరు పెట్టి పిలిస్తే తిరగకపోవడం, ఒకటిన్నర ఏడు వచ్చినా కావలసినది వేలితో చూపకపోవడం, రెండేళ్లకు రెండు మాటలు కలపకపోవడం, వచ్చిన మాటలు పోవడం: వీటిలో ఏది కనిపించినా "మగపిల్లలు ఆలస్యంగా మాట్లాడతారులే" అని ఊరుకోవద్దు. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం క్రింద అంగన్‌వాడీలలో, బడులలో పిల్లలను పరీక్షించి జిల్లా సత్వర చికిత్సా కేంద్రాలకు పంపుతారు. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టంలోని 21 వైకల్యాలలో ఆటిజమ్ ఒకటి. సదరం శిబిరంలో ధ్రువపత్రం పొందడం బిడ్డ హక్కు, అందులో చిన్నతనం ఏమీ లేదు.

2026లో ఈస్టర్ ఏప్రిల్ 5న. మొన్న సిస్టర్ ఇంటికి వెళితే బాబు ఆ పుస్తకం తెచ్చి నా చేతిలో పెట్టాడు. మొదటి పుటలో ఏప్రిల్ 20 అన్న అంకెను పెన్నుతో కొట్టివేసి, పక్కన ఏప్రిల్ 5 అని వ్రాసి ఉంది. వ్రాసింది వాడే.

పండుగ జరుపుకునే వారందరికీ శుభాకాంక్షలు. పిల్లలు అడిగినదానికి తేటగా జవాబు చెప్పండి.