గువ్వలచెరువు దారిలో పండుగ మూట

కడప నుండి రాయచోటికి దాదాపు 50 కిలోమీటర్ల దూరం. రమజాన్ చివరి పది రోజులలో ఒకనాడు, ఫజ్ర్ నమాజు ముగించుకొని అమ్మీతో కలిసి మేము ఆ దారిన బయలుదేరాము. అమ్మీ ఒడిలో ఒక గుడ్డ మూట ఉంది. రాయచోటికి చెందిన ఒక సోదరుడు సెలవు ముగిసి మరునాడు కువైట్‌కు వెళుతున్నారు. ఆ మూటను అక్కడున్న మా తమ్ముడికి అందజేస్తానని ఆయన మాట ఇచ్చారు.

ఈ ప్రాంతంలో కువైట్‌తో సంబంధం లేని వీధి అరుదు. కొడుకో, అల్లుడో, కొన్ని ఇళ్ళలో తల్లి సైతం అక్కడ శ్రమిస్తూ ఉంటారు. ఒకరు ప్రయాణమైతే చాలు, ఇరుగుపొరుగు వారి కానుకలన్నీ ఆ పెట్టెలో చోటు వెదుక్కుంటాయి.

ఘాట్ రోడ్డు మలుపులలో లారీల వెనుక మెల్లగా సాగి గువ్వలచెరువు చేరుకున్నాము. పాలకోవాకు పేరుపొందిన ఊరది. రోడ్డు పక్కన దుకాణాల నుండి చిక్కబడుతున్న పాల వాసన వస్తోంది. ఉపవాసంతో ఉన్నందున రుచి చూడక, ఇఫ్తార్ కోసం కొంత కట్టించుకున్నాము.

"తమ్ముడికీ ఒక కిలో పంపుదామా?" అని అడిగాము.

"కొనేవి వాడికి అక్కడా దొరుకుతాయి. ఇవెక్కడ దొరుకుతాయి?" అంటూ అమ్మీ మూటను నిమిరింది.

అందులో ఆమె స్వయంగా చేసి మిద్దె మీద ఎండబెట్టిన సేమియా, గోంగూర పచ్చడి సీసా, ఆకుపచ్చ దారంతో అల్లిన చిన్న టోపీ ఉన్నాయి. టోపీ మనవడికి. మూడేళ్ళు నిండినా ఆ బిడ్డను అమ్మీ ఫోన్‌లో తప్ప చూడలేదు. కొలత తెలియక ఆమె దిగులుపడుతుంటే, మరదలు వాడి తల చుట్టూ దారం చుట్టి, సరిగ్గా అంత మేరకు కత్తిరించి, ఇటు వచ్చేవారి చేత పంపింది. దానితోపాటు షీర్ ఖుర్మా కోసం ఒక డబ్బా ఖర్జూరాలు. పళ్ళు వదులైన అత్తగారు నమలగలిగేలా గింజలు తీసి, సన్నగా తరిగినవి!

రాయచోటిలో ఆ సోదరుని పెట్టె అప్పటికే నిండిపోయింది. "ఇంటికి ఒక్క కిలోనే తీసుకోగలను, అమ్మా" అన్నారాయన నొచ్చుకుంటూ. తూచి చూస్తే మూట కిలోన్నర దాటింది. అమ్మీ క్షణం ఆలోచించి పచ్చడి సీసా బయటికి తీసింది. పక్కనే మౌనంగా కూర్చున్న ఆయన తల్లి చేతిలో దాన్ని ఉంచి, "పండుగనాడు మీకూ కొడుకు దగ్గర ఉండడు కదా" అన్నది. ఆ తల్లి ఏమీ అనలేదు. అమ్మీ చేయి మాత్రం చాలాసేపు విడువలేదు.

కానుకలు ఇచ్చిపుచ్చుకుంటే ప్రేమ పెరుగుతుందని, కానుక ఎంత స్వల్పమైనా చిన్నచూపు చూడరాదని దైవప్రవక్త (స) బోధించారు. ఈ మాట మేము ఎన్నోసార్లు విన్నవారమే. అయినా పండుగకు డబ్బు పంపి, ఇక బాధ్యత తీరిందనుకుంటూ వచ్చాము. తిరుగు ప్రయాణంలో అందుకు సిగ్గుపడ్డాము.

ఈసారి కువైట్‌లో ఈద్ మనకంటే ఒకరోజు ముందు వచ్చింది. షీర్ అంటే పాలు, ఖుర్మా అంటే ఖర్జూరం. వారి గిన్నెలలో అమ్మీ చేసిన సేమియా, మరునాడు మా గిన్నెలలో మరదలు తరిగిన ఖర్జూరాలు. ఫోన్‌లో మనవడు టోపీతో సలాం చేశాడు. టోపీ కాస్త వదులై కనుబొమల మీదికి జారుతోంది.

"కొలత తప్పిందా, అమ్మీ?" అని అడిగాము.

"తప్పలేదు. కావాలనే రెండు వరుసలు ఎక్కువ అల్లాను. వచ్చే ఈద్‌కూ సరిపోవాలి కదా" అన్నది అమ్మీ.