'ఇప్పుడే' అంటే ఎప్పుడు?

మొన్న రాత్రి మా సర్వర్ ఆగిపోయింది. లండన్‌లో ఉండే సీనియర్‌కి మెసేజ్ పెడితే 'ఐ విల్ లుక్ ఎట్ ఇట్ ప్రెజెంట్లీ' అని రిప్లై ఇచ్చాడు. ప్రెజెంట్లీ అంటే ఇప్పుడే కదా! 'ఆయన చూస్తున్నారు, ఎవరూ ఏమీ ముట్టుకోకండి' అని టీమ్‌కి చెప్పేశాను. గంట గడిచినా ఉలుకూ పలుకూ లేదు. తీరా అడిగితే, డిన్నర్ చేసొచ్చి చూద్దామనుకున్నాడట!

డిక్షనరీ తీశా. మనమూ, అమెరికావాళ్లూ ఎక్కువగా ఆ మాటను 'ప్రస్తుతం' అన్న అర్థంలో వాడతాం. బ్రిటన్‌లో, ముఖ్యంగా పాతతరానికి, అది 'కాసేపట్లో'. 'ఐ యామ్ ప్రెజెంట్లీ వర్కింగ్' అంటే ఇప్పుడు చేస్తున్నట్టు. పక్కన 'విల్' ఉంటే మాత్రం కాస్త ఆగాల్సిందే. నేను చూసుకోనిది ఆ 'విల్'నే. అనుమానముంటే 'కరెంట్లీ' అనో, 'సూన్' అనో రాసేస్తే గొడవుండదు.

అసలు తమాషా ఏంటంటే, కొన్ని వందల ఏళ్ల కిందట ప్రెజెంట్లీ అంటే 'తక్షణమే'. 'సూన్' కూడా అంతే. తక్షణమే అంటూ జనం ఆలస్యం చేసీ చేసీ, ఆ మాటల అర్థమే జారిపోయింది.

చదువుతూ నవ్వుకున్నా. అంతలోనే గుర్తొచ్చింది. సోమవారం అమ్మ ఫోన్ చేస్తే 'మీటింగ్‌లో ఉన్నా, ఇప్పుడే చేస్తానమ్మా' అన్నాను. ఇవాళ గురువారం. అమ్మ దగ్గర నా 'ఇప్పుడే'కి అర్థం ఎప్పుడో మారిపోయి ఉంటుంది.

వెంటనే ఫోన్ చేశా. ఒక్క రింగుకే ఎత్తింది.

'ఏరా, తిన్నావా?'